మడత పట్టీతో కొత్తవాడకు

వరంగల్ వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ ఒకటే అడుగుతున్నారు. వేయి స్తంభాల గుడి చూశావా, కోట చూశావా అని. చూడలేదు. నాలుగు రోజులు ఆ ఊళ్ళో ఉండి నేను చూసిందల్లా ఒక మగ్గం, ఒక బట్టల తీగ, ఒక ప్రొఫెసరు గారి వీపు. గుడి ఎక్కడికీ పోదు. నేను చూసింది మాత్రం మళ్ళీ చూద్దామన్నా దొరకదు. అందుకని, వెళ్ళని వాళ్ళ కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను మండపేట హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. పేరు సత్యనారాయణ. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు మా అత్తవారు తప్ప ఎవరూ మిగల్లేదు. ఊరందరికీ నేను మడత మాస్టార్ని. దానికి కారణం మా తోడల్లుడు. రాజమండ్రిలో ఫోటో స్టూడియో ఉంది ఆయనకి. మూడేళ్ళ క్రితం లాంచీలో పోతూ తన జపాన్ కెమెరాని గోదాట్లో పడేసుకున్నాడు. దాన్ని పైకి తీయించి, ఇక పనికిరాదని తేలాక, నా చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే లోపల జానెడు పొడవున తేనె రంగు పట్టీ ఒకటి నాలుగు మడతలు పడి కూర్చుని ఉంది. రేడియో విప్పితే గట్టి అట్ట మీద రాగి గీతలు కనిపిస్తాయి చూడండి, అవే గీతలు ఇక్కడ సినిమా రీలు లాంటి పల్చటి దాని మీద ఉన్నాయి. ఒక కొసన రెండు టార్చి బ్యాటరీలు, రెండో కొసన టార్చి బల్బు తగిలించాను. వెలిగింది. పట్టీని మడిచాను. అయినా వెలుగుతోంది. మెలిపెట్టాను, వేలికి చుట్టాను. వెలుగుతూనే ఉంది!

ఆ రోజు నుంచి నేను మనిషిని కాను. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి రేడియోని జేబురుమాలులా మడిచి జేబులో పెట్టుకుంటాం, టీవీని చాపలా చుట్టి అటక మీద పెడతాం అని కనపడిన వాళ్ళందరికీ చెప్పాను. ఇంకా పదహారేళ్ళు టైముంది కదా అని ధైర్యం. మడతకాజాల తాపేశ్వరం మాకు పక్కనే కాబట్టి నాకు పేరు పెట్టడానికి ఎవరూ పెద్దగా కష్టపడలేదు. మా హెడ్మాస్టరు గారైతే రోజూ స్టాఫ్ రూములో, "ఏం మడత మాస్టారూ, టీవీ చంకలో పెట్టుకొచ్చారా?" అనేవారు. నవ్వేవాణ్ణి గానీ లోపల మండిపోయేది.

చివరికి వరంగల్ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే ఒక ప్రొఫెసరు గారికి ఉత్తరం రాశాను. కార్డు ముక్క మీద జవాబిచ్చారు. "శనివారం పదింటికి పట్టీతో రండి. చూసి, నాకు తోచింది రాసిస్తాను." నాకు కావలసింది అదే. బహుమతి వద్దు, ప్రమోషను వద్దు. నాకు పిచ్చి లేదని ఒక చదువుకున్న మనిషి సంతకం పెడితే చాలు. దాన్ని హెడ్మాస్టరు గారి చేతే పైకి చదివించాలని నా కోరిక.

కాజాల డబ్బా

ఉన్నది ఒక్క పట్టీ. దాన్ని ఎక్కడ దాచాలన్నది పెద్ద సమస్య అయింది. జేబులో పెడితే బెజవాడ స్టేషన్లో కొట్టేస్తారు. పెట్టెలో పెడితే పెట్టెనే ఎత్తుకుపోతారు. బాగా ఆలోచించి, ప్రొఫెసరు గారి కోసం కొన్న మడతకాజాల డబ్బాలో, కాగితంలో చుట్టి కాజాల మధ్య పెట్టాను. దొంగ వచ్చినా కాజాలు తిని పట్టీ వదిలేస్తాడని నా లెక్క.

బెజవాడలో బండి మారాను. ఖమ్మం దాటితే టీ పోయి చాయ్ వచ్చింది. గ్లాసు అర్ధరూపాయే గానీ గ్లాసు చూస్తే మన వాటిలో సగం ఉంది. పాలు చిక్కన, చక్కెర దండిగా. రెండు తాగితే మన ఒకదానికి సరిపోయింది, డబ్బు మాత్రం రెండింటికీ ఇచ్చాను. కిటికీ బయట వరిచేలు తగ్గి మిరప, పత్తి చేలు మొదలయ్యాయి. మట్టి ఎర్రబడింది. కాలవ కనిపించని నేల చూస్తే గోదావరి వాడికి ఏదో మర్చిపోయి వచ్చినట్టు ఉంటుంది.

నెక్కొండ

నెక్కొండలో ఎండుమిర్చి మూటతో ఒక పెద్దాయన ఎక్కాడు. కూతురింటికి వచ్చి తిరిగి వెళ్తున్నాడట. మూట నా కాళ్ళ దగ్గర పెట్టగానే రైలు పెట్టె అంతా ఒకేసారి తుమ్మింది. ఆయన మాత్రం తుమ్మలేదు.

"ఏ ఊరు సారూ మీది? ఎటు పోతాండ్రు?"

"మండపేటండి. వరంగల్ వెళ్తున్నానండి."

"వరంగల్ల ఎవరున్నరు?"

"ఎవరూ లేరండి. లాడ్జిలో దిగుతాను."

"లాడ్జి ఎందుకు? నల్లులు కుట్టి సంపుతయ్. మాది కొత్తవాడ. షత్రంజీలు నేస్తం. మా ఇంట్ల పండుండ్రి, ఏం ఫికర్ చెయ్యకుండ్రి."

పేరు సాంబయ్య. మనం జంపఖానా అనేదాన్ని అక్కడ షత్రంజీ అంటారు. మా వైపు రైల్లో కలిసిన మనిషిని ఇంటికి పిలవాలంటే ముందు ఊరు, తర్వాత వీధి, తర్వాత మేనత్తల పేర్లు తేలాలి. ఈయన నా పేరైనా అడగలేదు. మొహమాటంకొద్దీ డబ్బా తీసి కాజా పెట్టాను. ఆయన ఒకటి పైకి లాగాడు. దాంతో పాటు రెండోది వచ్చింది, రెండోదానికి అంటుకుని చిరిగిన కాగితం వచ్చింది, కాగితంలోంచి నా పట్టీ వేలాడుతూ వచ్చింది. పాకం కారిపోయి అన్నీ ఒకటైపోయాయి.

"గిదేంది సారూ? మీ దిక్కు మిఠాయిల రిబ్బన్ పెడ్తరా?"

నేను పట్టీని కాజాల నుంచి విడదీస్తూ మొత్తం కథ చెప్పాను. మడత రేడియో, చుట్టే టీవీ, హెడ్మాస్టరు గారు, శనివారం పది గంటలు. ఎవరైనా నవ్వుతారే, ఈయన నవ్వలేదు. వేళ్ళు నాక్కుంటూ శ్రద్ధగా విన్నాడు.

"మడతవెట్టినా ఖరాబ్ గాదు, సుట్టినా ఖరాబ్ గాదు. మా షత్రంజీ సుత గంతే గద సారూ," అన్నాడు. మూడేళ్ళలో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆయనే.

కొత్తవాడ, గురువారం సాయంత్రం

స్టేషన్ నుంచి రిక్షా మూడు రూపాయలు. ఇద్దరం, ఒక మూట, దారంతా తుమ్ములు. కొత్తవాడలో ఏ గుమ్మం ముందు నిలబడినా లోపల మగ్గం చప్పుడు వినిపిస్తుంది. సాంబయ్య ఇంట్లో మగ్గానిదే పెద్ద గది, మనుషులు మిగిలిన చోట సర్దుకుంటారు. ఆయన భార్య లచ్చమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. రైల్లోంచి మనుషుల్ని తీసుకురావడం ఆయనకి అలవాటేనట.

"పోయినసారి సున్నం అమ్మెటాయన్ని తోలుకొచ్చిండు. మీరు నయమే సారూ," అంది.

రాత్రి భోజనంలో సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకి అద్ది కాలుస్తారు. మా వైపు దిబ్బరొట్టెకి దూరపు చుట్టం అనుకున్నాను గానీ, కారం చూస్తే చుట్టరికం లేదు. పక్కన పచ్చిపులుసు. పొయ్యి ఎక్కని పులుసేమిటని వెనకాడి, నాలుగుసార్లు పోయించుకున్నాను.

తింటుండగా లచ్చమ్మ పని సంగతి చెప్పింది. దయమ్మ టీచరమ్మ కూతురికి సోమవారం చర్చిలో పెళ్ళి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు నిలబడటానికి కొత్త షత్రంజీ కావాలి. "అంచు తేనె రంగు కావాల్నని నమూనా పంపిస్తనన్నది. ఇంకా రాలే. పొద్దుగాల మొదలువెట్టాలె."

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. ఆర్డరిచ్చిన వాళ్ళు రంగు చూపించడానికి ఏ దారమో, గుడ్డపేలికో పంపుతారు. లచ్చమ్మ దాన్ని షత్రంజీ మొదట్లోనే అంచులో కలిపి నేసేస్తుంది, కొసలు రెండూ కింది వైపు వదిలి. రంగు తేడా వచ్చిందని రేపు ఎవరైనా అంటే, తిప్పి చూపించడానికి. వాళ్ళ అత్తగారి కాలం నుంచీ అంతే. ఎంత తెలివైన పద్ధతి అని మెచ్చుకుని, చెయ్యి కడుక్కుని, నా పట్టీని సబ్బుతో శుభ్రంగా కడిగి, పెరట్లో రంగు నూలు కట్టలు ఆరేసిన తీగ మీద బట్టల క్లిప్పు పెట్టి ఆరేసి పడుకున్నాను.

మీకు అర్థమైపోయింది కదా. నాకు మర్నాటి దాకా అర్థం కాలేదు.

శుక్రవారం

రేపటి పనికి ఇవాళే దారి చూసుకోవడం మా మాస్టర్లకి అలవాటు. పొద్దున్నే లేచి, పట్టీ బాగా ఆరనిమ్మని తీగ మీదే వదిలి, కాలేజీ దాకా వెళ్ళి, గేటు చూసి, ప్రొఫెసరు గారి గది తలుపు మీద ఆయన పేరు చదివి, అటెండరుకి నమస్కారం పెట్టి వచ్చాను. ఆటోవాడు ఎనిమిది రూపాయలన్నాడు. ఆరన్నాను. "ఏడు, జర నవ్వుకుంట ఇయ్యండ్రి," అన్నాడు. నవ్వుతూ ఇచ్చాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి తీగ మీద క్లిప్పు ఉంది, పట్టీ లేదు. గాలికి పడిందేమోనని పెరడంతా వెతికాను. కోళ్ళగంప కింద చెయ్యి పెట్టి పొడిపించుకున్నాను. సాంబయ్య పొద్దుననగా సరుకు దింపడానికి వెళ్ళి ఇంకా రాలేదు.

"ఏం దేవులాడుతాండ్రు సారూ?" మగ్గం మీంచి లచ్చమ్మ.

"తేనె రంగు పట్టీ అమ్మా. జానెడు ఉంటుంది."

"అదా? అది దయమ్మ నమూనా గద. తీగ మీద ఉంటె, ఆమెనే వచ్చి పెట్టిపోయిందనుకున్న." మగ్గం మీద జానెడు మేర బట్ట దిగి ఉంది. ఎర్రటి పడుగులో, తేనె రంగు అంచులో, నున్నగా ఒదిగిపోయి, నా మూడేళ్ళ పరువు మెరుస్తోంది. "గీ రంగుకు నూలు కుదరనీకె పానం పోయింది సారూ. సూడుండ్రి, ఎంత మంచిగ కలిసిందో!"

నిజంగానే బాగా కలిసింది. నేను మాత్రం అయ్య బాబోయ్ అంటూ కొస పట్టుకుని లాగబోయాను. ఆవిడ నా చెయ్యి మీద ఒక్కటేసింది. నేను స్కూల్లో పిల్లల్ని కొట్టే తీరులోనే.

"తెగుతది! పంజాతోని కొట్టిన పేక అట్ల గుంజితె వస్తదా?"

పంజా అంటే ఇనప దువ్వెన. పేక దారం వేసిన ప్రతిసారీ దాంతో దబదబా కొట్టి గట్టి చేస్తారు. అంటే నా పట్టీ పొద్దుట్నుంచీ ఆ దెబ్బలు తింటోందన్నమాట.

సంగతి తెలిశాక లచ్చమ్మ మొహం వాడిపోయింది. పంజా పక్కన పెట్టేసి, "తప్పు నాదే సారూ. విప్పుత," అంది. విప్పాలంటే పేక పోగు పోగూ తియ్యాలి, ఒక రోజు పని. మళ్ళీ నెయ్యడానికి ఇంకో రోజు. సోమవారం పెళ్ళికి అందదు. "ఇన్నేండ్లల్ల మాట తప్పలే," అంది మెల్లగా, కానీ చేతులు అప్పటికే విప్పడం మొదలుపెట్టాయి. ఆ చేతులు చూసి నాకు చాలా సిగ్గేసింది. కాజాల మధ్య పట్టీ దాచింది నేను, బట్టల తీగ మీద ఆరేసింది నేను.

"ఆగమ్మా. ముందు ప్రొఫెసరు గారితో మాట్లాడనివ్వు," అన్నాను. ఏం మాట్లాడాలో తెలియదు.

స్కూటరు వెనక

శనివారం సరిగ్గా పదింటికి ప్రొఫెసరు గారి గదిలో, చేతిలో కాజాల డబ్బాతో నిలబడ్డాను. సన్నటి మనిషి, మందపాటి కళ్ళద్దాలు.

"పట్టీ ఏది మాస్టారూ?"

"మగ్గంలో ఉందండి."

"ఎక్కడ?"

"కొత్తవాడలో, షత్రంజీలో నేసేశారండి. లాగితే కొట్టారండి."

ఆయన కళ్ళద్దాలు తీశారు. పని అయిపోయింది, ఇక ఇంటికి పొమ్మంటారనుకున్నాను. ఆయన ఒక కాజా నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. ఆ పాకంతో వెంటనే మాట్లాడటం ఎవరి తరమూ కాదు.

"తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. కొత్తవాడ చూడలేదు. పదండి," అన్నారు చివరికి.

స్కూటరు వెనక కూర్చుని, ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకుని వెళ్ళాను. దారిపొడుగునా ఆయన వెనక్కి తిరిగి ఎలక్ట్రానిక్స్ చెబుతూనే ఉన్నారు. ప్లాస్టిక్కే కరెంటు మోసేలా చెయ్యొచ్చని విదేశాల్లో కనుక్కున్నారట. ఎండతో నడిచే కాలిక్యులేటర్ల లాగా, పల్చటి రేకు మీద ఎండ పట్టే పూత పూస్తున్నారట. నాకు వినాలని ప్రాణం లాగుతోంది. "ముందుకి చూడండి సార్," అని అరవడమే సరిపోయింది.

మగ్గం ముందు

సాంబయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు. లచ్చమ్మ కొత్త చీర కట్టుకుని మగ్గం మీద కూర్చుంది. నేను నేల మీద పడుకుని మగ్గం కిందికి దూరి, షత్రంజీ అడుగున వేలాడుతున్న పట్టీ కొసలకి బట్టల క్లిప్పులతో తీగలు బిగించాను. ఒక వైపు బ్యాటరీలు, ఒక వైపు బల్బు.

వెలగలేదు.

బ్యాటరీలు మార్చి పెట్టాను. బల్బు బిగించాను. వెలగలేదు. మగ్గం కింద చీకట్లో నాకు హెడ్మాస్టరు గారి నవ్వు వినిపించింది. పైకి రాకుండా అక్కడే ఉండిపోతే బాగుండుననిపించింది.

"జరగుండ్రి సారూ," అంటూ లచ్చమ్మ కిందికి వంగింది. పట్టీ కొసని వేళ్ళతో తడిమి చూసింది. వేలు నాలిక్కి తగిలించుకుంది. "తియ్యగున్నది! మీ పాకం ఇంకా పోలే సారూ."

గురువారం రాత్రి నేను పట్టీ మధ్యలో రుద్ది కడిగి కొసలు వదిలేశానన్నమాట. రాగి మీద పాకం గడ్డకట్టి ఉంది. ఆవిడ చీర కొంగు తడిపి, రుద్ది, గోటితో గీకింది. మళ్ళీ క్లిప్పు పెట్టాను. బల్బు వెలిగింది!

"కొట్టు లచ్చమ్మా," అన్నాడు సాంబయ్య.

లచ్చమ్మ పేక వేసి పంజాతో కొట్టింది. బల్బు ఆరలేదు. మళ్ళీ కొట్టింది. ప్రొఫెసరు గారు మొదట నిలబడి లెక్కపెట్టారు, తర్వాత కూర్చుని లెక్కపెట్టారు, లెక్క తప్పాక కాజా తింటూ ఊరికే చూశారు. మగ్గం ఊగుతోంది, ఇల్లు అదురుతోంది. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది.

"మా ల్యాబులో దీన్ని చేత్తో పదిసార్లు మడిచి చూసి, బాగుందని రాసేవాణ్ణి," అన్నారు ఆయన.

తర్వాత ఇలాంటివి దేనికి పనికొస్తాయన్న మాట వచ్చింది. జ్వరం ఎంతుందో చెప్పే దుప్పటి రావచ్చన్నారు ప్రొఫెసరు గారు. నేను నా టీవీ చాప గురించి చెప్పాను. షత్రంజీయే పాటలు పాడితే రేడియో కొనే బాధ తప్పుతుందని సాంబయ్య.

"ఆయినె కూసున్నంక ఎంతసేపైందో చెప్పె షత్రంజీ చెయ్యండ్రి పెద్దసారూ. గంట దాటితె షాక్ కొట్టాలె," అంది లచ్చమ్మ మొగుణ్ణి చూస్తూ. ప్రొఫెసరు గారు గంభీరంగా, అది సాధ్యమేనన్నారు.

అదే సమయానికి దయమ్మ టీచరు వచ్చింది, చేతిలో అసలు నమూనా దారంతో. పెళ్ళి పనుల్లో పంపడం మర్చిపోయిందట. షత్రంజీలో దీపం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె దారం పసుపు రంగులో ఉంది. లచ్చమ్మ నేసింది ముదురు తేనె రంగు.

దయమ్మ దారాన్ని అంచు పక్కన పెట్టి చూసింది. "లచ్చక్కా, నా దారం కంటె గిదే మంచిగున్నది," అని, బల్బుని చూపించి, "గిది సుత షత్రంజీతోనే వస్తదా?" అంది.

లచ్చమ్మ నా వైపు చూసింది. "విప్పాల్నా సారూ?" అని అడిగింది. నేను విప్పమంటే విప్పేస్తుందని నాకు తెలుసు. పట్టీ లేకుండా ఊరు వెళ్తే నా మాట ఎవరు నమ్ముతారు? ఉత్తరం ఉంటే మాత్రం, వస్తువు లేని ఉత్తరం దేనికి? ఇదంతా ఆలోచించాను. పట్టీ మీద ప్రేమ తక్కువేం లేదు. కానీ మూడేళ్ళు నేను దాన్ని జేబులో తిప్పి మాటలే చెప్పాను. ఈవిడ ఒక్క రోజులో దాన్ని ఒక పనిలో పెట్టింది.

"వద్దమ్మా, ఉండనివ్వు," అన్నాను. బల్బు, బ్యాటరీలు, క్లిప్పులు కూడా ఇచ్చేశాను. పెళ్ళప్పుడు ఎలా తగిలించాలో దయమ్మకి మూడుసార్లు చూపించాను. ప్రొఫెసరు గారు అక్కడే మగ్గం పలక మీద కాగితం పెట్టుకుని ఉత్తరం రాశారు.

మండపేట

ఆదివారం బండెక్కాను. ఉత్తరం ఈసారి చొక్కా లోపల పెట్టుకున్నాను. సోమవారం స్టాఫ్ రూములో హెడ్మాస్టరు గారి చేతికిచ్చి, పైకి చదవమన్నాను. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"ఈ పట్టీని నేను పరీక్షించలేదు. నా సమక్షంలో శ్రీమతి లచ్చమ్మ గారు పరీక్షించారు. ఇంత కఠినమైన పరీక్ష చేసే యంత్రం మా కాలేజీలో లేదు. పట్టీ నెగ్గింది. మాస్టారు చెప్పే రోజులు వస్తాయని నా నమ్మకం. చాపలా చుట్టే టీవీ సంగతి మాత్రం చెప్పలేను. అది శ్రీమతి లచ్చమ్మ గారినే అడగాలి."

హెడ్మాస్టరు గారు సంతకం రెండుసార్లు చూశారు. అదే సమయానికి వరంగల్లో ఒక పెళ్ళికూతురి కాళ్ళ దగ్గర చిన్న బల్బు వెలుగుతూ ఉంటుందని తలుచుకుంటే నాకు ఆనందం ఆగలేదు.

"మాస్టారూ," అన్నారు హెడ్మాస్టరు గారు, మూడేళ్ళలో మొదటిసారి మడత లేకుండా. "ఈ లచ్చమ్మ గారిది ఏ యూనివర్సిటీ?"

"కొత్తవాడ అండి."

ఆయన ఉత్తరాన్ని జాగ్రత్తగా నా చేతిలో పెట్టారు. "పేరు వినలేదు. పెద్దదేనా?"

"చాలా పెద్దదండి," అన్నాను.